సంతకం పెట్టొద్దనండి: 54 ఏళ్ల నాన్నగారి ఉద్యోగం, 71 ఏళ్ల పెదనాన్నగారి పోటీ

తమ్ముడూ, మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం. ముందు మీ నాన్నగారికి ఫోన్ చేసి ఆ టైపు చేసిన రాజీనామా కాగితం మీద సంతకం పెట్టొద్దని చెప్పండి. రేపు కూడా మామూలుగానే షిఫ్టుకి వెళ్లమనండి. గేటు దగ్గర ఆపితే గొడవ పడొద్దు, అక్కడే నిలబడి ఫోన్‌లో ఒక ఫొటో తీసుకుని, ‘నేను డ్యూటీకి వచ్చాను, లోపలికి రానివ్వలేదు’ అని అదే రోజు కంపెనీకి స్పీడ్ పోస్టులో రాయమనండి. ఆ రసీదు దాచుకోమనండి.

మీరు అడిగినవి రెండు. రణస్థలం వైపు ఫ్యాక్టరీలో 23 ఏళ్లుగా పనిచేస్తున్న మీ నాన్నగారిని హెచ్‌ఆర్ వాళ్లు పిలిచి, వయసైపోయింది కాబట్టి రాజీనామా రాసిస్తే అన్నీ కలిపి లక్షన్నర ఇస్తామని, కావాలంటే కాంట్రాక్టర్ కింద మళ్లీ తీసుకుంటామని అన్నారు. దీని మీద కేసు వేయొచ్చా అన్నది మొదటి ప్రశ్న. మీ పెదనాన్నగారు 71 ఏళ్ల వయసులో సర్పంచ్‌గా నిలబడదామనుకుంటే ఊళ్లో కుర్రాళ్లు, పార్టీవాళ్లు కూడా ‘ఈ వయసులో మీకెందుకు, యువతకి వదిలెయ్యండి’ అంటున్నారు, వయసు హద్దు ఏమైనా ఉందా అన్నది రెండోది. మీరు వీటిని వేరువేరు సంగతులుగా రాశారు కానీ నా అనుభవంలో ఇవి రెండూ ఒకటే.

నాకు 67. విజయనగరం జిల్లాలో ఒక మిల్లులో 22 ఏళ్లు పనిచేశాను. 2008లో, నాకు 49 ఏళ్లప్పుడు, ఇలాంటి కాగితమే నా ముందు పెట్టారు. నేను సంతకం పెట్టాను. ‘స్వచ్ఛందంగా’ అన్న మాట అందులో రెండుసార్లు ఉంది, అది చదివి కూడా పెట్టాను, ఎందుకంటే మా సెక్షన్‌లో నాకంటే ముందు పదిమంది పెట్టేశారు, మా ఇంటావిడ ఆసుపత్రిలో ఉంది, చేతికి వెంటనే డబ్బు కావాలి. ఆ తర్వాత ఒక కార్మిక సంఘం ఆఫీసులో పదిహేనేళ్లు ఇలాంటివాళ్లకి అర్జీలు రాసిపెట్టాను. అక్కడికి వచ్చిన ప్రతి మనిషినీ నేను మొదట అడిగింది ‘సంతకం పెట్టారా’ అనే. పెట్టానన్నవాళ్లకి చేయగలిగింది చాలా తక్కువ. బలవంతంగా పెట్టించారని నిరూపించే భారం వాళ్ల మీద పడుతుంది.

చట్టం సంగతి ఉన్నది ఉన్నట్టు చెప్తాను. అమెరికాలో 40 దాటినవాళ్లని వయసు పేరుతో ఉద్యోగంలోంచి తీయకూడదని 1967లోనే చట్టం చేశారు. మన దగ్గర అలాంటి చట్టం లేదు. రాజ్యాంగంలో 15, 16 అధికరణాలు మతం, కులం, లింగం, పుట్టిన చోటు లాంటివి పేరుపెట్టి చెప్తాయి, వయసు మాట అందులో లేదు. 14వ అధికరణం ఉంది కానీ అది ప్రభుత్వం మీద వాడుకునేది, ప్రైవేటు యజమాని మీద నేరుగా పనిచెయ్యదు. కాబట్టి ‘వయసు వివక్ష’ అని కేసు వేద్దామంటే ఏ లాయరు దగ్గరికి వెళ్లినా ఇబ్బందిగా ముఖం పెడతాడు. అయితే దారి లేదని కాదు. రిటైర్మెంట్ వయసు రాకముందే, తప్పేమీ చెయ్యని మనిషిని యజమాని తీసేస్తే దాన్ని చట్టం రిట్రెంచ్‌మెంట్ అంటుంది, దానికి లెక్కలున్నాయి, పద్ధతి ఉంది. యజమానులు రాజీనామా అడిగేది ఈ పద్ధతి తప్పించుకోడానికే.

ముందు అపాయింట్‌మెంట్ ఆర్డర్, ఫ్యాక్టరీ స్టాండింగ్ ఆర్డర్లు (కంపెనీ సర్వీసు నిబంధనలు) తీసి అందులో రిటైర్మెంట్ వయసు ఎంత రాశారో చూడండి. ప్రైవేటు ఫ్యాక్టరీల్లో ఎక్కువగా 58 ఉంటుంది, కొన్నింట్లో 60. అంటే మీ నాన్నగారికి కనీసం నాలుగేళ్ల సర్వీసు మిగిలి ఉంది. ఇప్పుడు లెక్క చూడండి. బేసిక్, డీఏ కలిపి 19,500 అని రాశారు కదా. గ్రాట్యుటీ అంటే ఆ మొత్తాన్ని 26తో భాగించి 15తో గుణించి, వచ్చినదాన్ని సర్వీసు ఏళ్లతో గుణించాలి: 11,250 చొప్పున 23 ఏళ్లకి 2,58,750. ఇది ఆయన రాజీనామా చేసినా, తీసేసినా, రిటైరైనా ఇవ్వాల్సిందే. కంపెనీ దయతో ఇస్తున్నది కాదు. తీసేస్తే దానికి పైన ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున నష్టపరిహారం, అది దాదాపు 2,24,000. ఒక నెల ముందు నోటీసు, లేదంటే నెల జీతం. 2025 నవంబర్ 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, వాటి ప్రకారం రిట్రెంచ్ చేసిన కార్మికుడి పేరున ఇంకో 15 రోజుల వేతనం కొత్త పని నేర్చుకోడానికని 45 రోజుల్లో అతని ఖాతాలో పడాలి. అన్నీ కలిపితే ఐదు లక్షలు దాటుతుంది. వాళ్లు లక్షన్నర ‘ఇస్తాం’ అంటున్నారు. మీ నాన్నగారికి ఈ అంకెలు కాగితం మీద వేసి చూపించండి, ధైర్యం దానంతటదే వస్తుంది.

వాళ్లు వెంటనే అనే మాట ఒకటుంది: ‘ఈయన షిఫ్ట్ ఇన్‌ఛార్జి, సూపర్‌వైజరు, కార్మికుడు కాదు కాబట్టి ఆ చట్టం వర్తించదు.’ కొత్త కోడ్‌లో సూపర్‌వైజరు జీతం నెలకి 18,000 దాటితే కార్మికుడి కింద లెక్కలోకి రాడు, నిజమే. కానీ పేరు పక్కన ఏమి రాశారన్నది కాదు, రోజూ చేసే పని ఏమిటన్నది చూస్తారు. మీ నాన్నగారు మెషిన్ మీద తానే నిలబడతారా? ఎవరికైనా సెలవు మంజూరు చేసే అధికారం ఉందా, మెమో ఇచ్చే అధికారం ఉందా? లేదంటే పేరుకే ఇన్‌ఛార్జి. పాత లాగ్ బుక్ పేజీలు, షిఫ్ట్ షీట్లు, తన చేతిరాత ఉన్నవి ఏవైనా సరే ఫొటోలు తీసి మీకు పంపమనండి. తర్వాత అవి దొరకవు. నేను చూసిన కేసుల్లో మొదటి వారంలోనే ఆ రిజిస్టర్లు మాయమయ్యేవి.

పుట్టిన తేదీ కూడా ఒకసారి చూసుకోండి. మన పక్క ఆ తరంవాళ్లకి బడిలో చేర్చిన మాస్టారు వేసిన తేదీయే పుట్టిన తేదీ, సగంమందికి జూలై 1. ఆధార్ తీసినప్పుడు ఎవరో ఏదో చెప్తే ఇంకొకటి పడింది. కంపెనీ తనకి ఏది లాభమైతే అది పట్టుకుంటుంది. ఆధార్ వయసుకి రుజువు కాదని, బడి సర్టిఫికెట్‌లోని తేదీనే తీసుకోవాలని 2024 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఒక పరిహారం కేసులో స్పష్టంగా చెప్పింది. పీఎఫ్ వాళ్లు కూడా 2024 జనవరిలో పుట్టిన తేదీ రుజువుల జాబితాలోంచి ఆధార్‌ని తీసేశారు. కాబట్టి టీసీ దొరికితే పదిలంగా ఉంచండి. కానీ రిటైర్మెంట్ దగ్గరపడ్డాక తేదీ మార్చమని అడిగితే కోర్టులు ఒప్పుకోవు, ఆ ఆశ పెట్టుకోకండి.

‘కాంట్రాక్టర్ కింద మళ్లీ తీసుకుంటాం’ అన్న మాట ఉంది చూశారా, అసలు సంగతి అక్కడే బయటపడింది. నిజంగా వయసు వల్ల పని చెయ్యలేకపోతుంటే అదే మనిషిని, అదే మెషిన్ మీద, కాంట్రాక్టర్ కింద ఎందుకు పెట్టుకుంటారు? వయసు తగ్గదు కదా. తగ్గేది జీతం. 23 ఏళ్ల ఇంక్రిమెంట్లు, సర్వీసు, సెలవులు పోతాయి, మనిషి చెయ్యి మాత్రం అదే. మా మిల్లులోనూ ఇదే జరిగింది. నా స్థానంలో వచ్చిన కుర్రాడు మా వీధివాడే. ముసలివాళ్లని తీసేసి కుర్రాళ్లకి అవకాశం ఇస్తున్నామని చెప్పారు కానీ నా ఉద్యోగం వాడికి రాలేదు. నా జీతంలో సగం కూడా లేకుండా, పర్మనెంట్ అనే మాట లేకుండా, ఎప్పుడు పొమ్మంటే అప్పుడు పోయే పని వచ్చింది. మూడేళ్లకి వాడు చెన్నై వెళ్లిపోయాడు. నా ఉద్యోగం నాకూ లేదు, వాడికీ లేదు, అసలు ఆ ఉద్యోగమే లేకుండా పోయింది. మీకు 26 ఏళ్లని రాశారు, రేపు మీ నాన్నగారి స్థానంలో మీలాంటి కుర్రాణ్ణే నిలబెడతారు, అందుకని ఇది మీ సమస్య కూడా.

ఈ మాట నేను కోపంతో అనడం లేదు. కుర్రవాడిగా ఉన్నప్పుడు నేను కూడా అటువైపే నిలబడ్డాను. 1983 జనవరిలో ఎన్టీ రామారావుగారు ముఖ్యమంత్రి అయ్యారు, అప్పటికి ఆయనకి 59 నిండింది. తర్వాతి నెల పూర్తికాకముందే ప్రభుత్వ ఉద్యోగుల రిటైర్మెంట్ వయసు 58 నుంచి 55కి తగ్గించారు, నిరుద్యోగ యువతకి ఉద్యోగాలు వస్తాయన్నారు. నాకు 24, డిగ్రీ చేతిలో పెట్టుకుని తిరుగుతున్నాను, ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. మా వెనక వీధిలో ఒక గుమాస్తాగారు ఉండేవారు, 55 దాటింది, పెళ్లికాని ఆడపిల్లలు ఇద్దరు. ఫిబ్రవరి 28న ఇంటికి వచ్చేశారు. తర్వాత ఎన్నో నెలలు పొద్దున్నే స్నానం చేసి, ఆఫీసు చొక్కా తొడుక్కుని, అరుగు మీద కూర్చునేవారు. ఆ అరుగు ముందునుంచే నేను దరఖాస్తులు పోస్టు చెయ్యడానికి వెళ్లేవాణ్ణి. నాకు గవర్నమెంటు ఉద్యోగం రాలేదు. 1984 ఆగస్టులో వయసు మళ్లీ 58 చేశారు. తగ్గించడం తప్పు కాదని 1985 జనవరిలో సుప్రీంకోర్టు అంది, అదే ఏడాది ఆగస్టులో జస్టిస్ చిన్నపరెడ్డిగారు రాసిన తీర్పులో మాత్రం, ఆ మధ్యకాలంలో ఇంటికి పంపినవాళ్లకి కూడా 58 దాకా హక్కుందని తేలింది. గుమాస్తాగారు తిరిగి డ్యూటీలో చేరినరోజు వీధిలో అందరికీ అరిసెలు పంచారు. ఆ రోజు నాకు సిగ్గేసింది, ఇప్పటికీ తలచుకుంటే వేస్తుంది.

తర్వాత 2014లో అదే వయసు 60 అయ్యింది, 2022 జనవరి నుంచి 62. అంటే నలభై ఏళ్లలో ఒకే పనికి మనిషి 55కి ముసలివాడు, 58కి ముసలివాడు, 60కి, 62కి ముసలివాడు. ఒళ్లు చెప్పిన లెక్కయితే ఇన్నిసార్లు మారుతుందా? ఖజానా చూసి ఒకసారి, ఎన్నికలు చూసి ఒకసారి మార్చిన అంకె అది. ఇంకో పక్క 1998 డీఎస్సీలో అర్హత సాధించి కూడా ఉద్యోగం రాక, 2022లో ప్రభుత్వం సరేననే దాకా ఎదురుచూసిన వేలమందిని గుర్తు తెచ్చుకోండి, మన శ్రీకాకుళంవాళ్లు కూడా అందులో ఉన్నారు. ఇరవై నాలుగేళ్లు ఊళ్లో ఏ పని దొరికితే అది చేసుకున్నారు. యాభై దాటాక బడికి వెళ్లి పిల్లలకి పాఠం చెప్పలేరని ఎవరూ అనలేదు.

మన విజయనగరంలోనే చూడండి, 1919లో సంగీత పాఠశాల పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసుగారిని ప్రిన్సిపాల్ చేశారు. ఆయనకి అప్పుడు 54 ఏళ్లు, సరిగ్గా ఇప్పుడు మీ నాన్నగారి వయసు. 1936 దాకా ఉన్నారు. అదే బడిలో 1919లో వయొలిన్ నేర్పడానికి చేరిన ద్వారం వెంకటస్వామినాయుడుగారికి 26, ఇప్పుడు మీ వయసు. ఒకరిని తీసి ఇంకొకరిని పెట్టలేదు, ఇద్దరినీ పెట్టారు. ఆ తర్వాత ద్వారంవారే ప్రిన్సిపాల్ అయ్యారు. ఇటు పొందూరు వెళ్తే వాలుగ చేప దవడతో కొండపత్తిని దువ్వి దారం తీస్తున్నవాళ్లలో ఎక్కువమంది పెద్దవయసు ఆడవాళ్లే. ఆ పని వచ్చిన కుర్రాళ్లు దొరకడం లేదు, ఎందుకంటే దాని మీద వచ్చే కూలీతో ఇల్లు గడవదు. అక్కడ వయసు అడ్డమని ఎవరూ అనరు. కూలీ తక్కువగా ఉన్నచోట వయసు ఎప్పుడూ అడ్డం కాదు, ఇది మీరు బాగా గమనించండి. ఉపాధి హామీ పనికి 18 నిండితే చాలు, పైన హద్దు లేదు. ఎండలో గునపం పట్టడానికి 68 ఏళ్ల మామ్మ పనికొస్తుంది, కానీ ఫ్యాన్ కింద పద్దు రాసే పనికి 54 ఏళ్ల మనిషి పనికిరాడంటారు. ఆ మామ్మల వేలిముద్రలు అరిగిపోయి మెషిన్‌లో పడక, పెన్షన్ రోజున రెండుమూడుసార్లు తుడిచి పెట్టించుకోవడం చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది. ఆ వేళ్లు అరిగింది పనిలోనే.

ఇప్పుడు పెదనాన్నగారి సంగతి. సర్పంచ్‌కి కనీసం 21 ఏళ్లుండాలి, ఎమ్మెల్యేకి, లోక్‌సభ ఎంపీకి 25. పైన హద్దు దేనికీ లేదు. పార్టీలు తమలో తాము పెట్టుకునే 75 ఏళ్ల లాంటి పట్టింపులు పార్టీ వరకే, చట్టం కాదు. పైగా సర్పంచ్ ఎన్నిక పార్టీ గుర్తు మీద జరగదు, పార్టీ బీ-ఫారం ఇవ్వాల్సిన పని లేదు. ఎన్.జి. రంగాగారు 1967లో మన శ్రీకాకుళం నుంచే ఉపఎన్నికలో గెలిచారు, ఆ తర్వాత గుంటూరు నుంచి 1991 దాకా లోక్‌సభలో ఉన్నారు, దిగేనాటికి ఆయనకి తొంభై. మన పక్కనుంచే విమానయాన శాఖకి ఇద్దరు కేంద్రమంత్రులు వచ్చారు, 2014లో అశోక్ గజపతిరాజుగారు చేరేనాటికి ఆయనకి 63 నడుస్తోంది, 2024లో రామ్మోహన్ నాయుడుగారికి 36. అదే శాఖ, అదే కుర్చీ. పనితీరు మీద ఎవరి అభిప్రాయం వాళ్లది, కానీ ఏ ఒక్కరి మంచి చెడులూ వాళ్ల పుట్టిన సంవత్సరంలోంచి రాలేదు.

కుర్రాళ్ల మాటలో న్యాయం లేదని నేను అనను. ముప్పై ఏళ్లు ఒకే మనిషి కుర్చీ వదలకుండా, పక్కవాడికి మైకు కూడా ఇవ్వకుండా ఊరిని నడిపితే విసుగు రాదా? వస్తుంది. అలాంటివాణ్ణి ఓడించండి, నేను కూడా మీతో వస్తాను. కానీ ఓడించడానికి కారణం ఆయన డ్రైనేజీ తవ్వించలేదనో, లెక్కలు చూపించలేదనో చెప్పండి, ‘ముసలాడు’ అని కాదు. ఇంకొకటి, ‘యువతకి అవకాశం’ అని పెద్దవాళ్లని పక్కన పెట్టినచోట ఆ అవకాశం ఎవరికి వెళ్తుందో చూడండి. జెండా మోసిన కుర్రాడికా? నేను చూసినంతలో ఎక్కువసార్లు నాయకుడి కొడుక్కో, కాంట్రాక్టులు చేసి డబ్బు సంపాదించినవాడికో వెళ్తుంది. ముప్పై ఏళ్లు గోడలకి సున్నం వేసి, మీటింగులకి మనుషుల్ని లారీలెక్కించిన మీ పెదనాన్నగారికీ రాదు, ఇన్‌స్టాగ్రామ్‌లో ఆ నాయకుడి వీడియోలు పెట్టే కుర్రాడికీ రాదు. మిల్లులో నాకు, మా వీధి కుర్రాడికి జరిగిందే ఇక్కడా జరుగుతుంది. అందుకే రెండూ ఒకటే అన్నాను.

పైగా మన ఊళ్ల పరిస్థితి చూడండి. కుర్రాళ్లు హైదరాబాద్, చెన్నై, గుజరాత్ తీరం దాకా వలస వెళ్లిపోయారు. సంక్రాంతికి నాలుగురోజులు వస్తారు. మిగతా మూడు వందల అరవై రోజులూ ఊళ్లో నీళ్ల ట్యాంకు, బడి కమిటీ, శ్మశానం దారి, గ్రామసభ చూసుకునేది ఎవరు? 2019లో గ్రామ వాలంటీర్లని పెట్టినప్పుడు వయసు 35 మించకూడదన్నారు, 5,000 గౌరవవేతనం. చదువుకున్న కుర్రాళ్లకి అదొక ఆసరా, కాదనను, కానీ ఊరి గురించి అన్నీ తెలిసిన నలభై ఐదేళ్ల ఒంటరి ఆడమనిషికి ఆ పని ఎందుకు ఇవ్వకూడదో ఎవరూ చెప్పలేదు. మీ పెదనాన్నగారు నిలబడితే ఓడిపోవచ్చు కూడా. అది ఊరు తేల్చాల్సిన సంగతి, వాట్సాప్ గ్రూపు కాదు. మీ మెసేజ్‌లో ‘ఆయన్ని ఎలా ఒప్పించి ఆపాలి’ అని ఒక లైను ఉంది, దానికి మాత్రం నేను సాయం చెయ్యను.

సరే, మళ్లీ నాన్నగారి దగ్గరికి. ‘ఆలోచించి చెప్తాను, మీరు అన్నది కాగితం మీద ఇవ్వండి’ అని మర్యాదగా అడగమనండి. వయసు వల్ల తీసేస్తున్నామని వాళ్లు ఎప్పుడూ రాయరు, అలా రాయకపోవడమే మీకు పనికొస్తుంది. ఒత్తిడి పెరిగితే, నైట్ షిఫ్టులే వేస్తున్నా, దూరం యూనిట్‌కి ట్రాన్స్‌ఫర్ అన్నా, ఏ రోజు ఎవరు ఏమన్నారో ఒక డైరీలో రాసుకోమనండి. శ్రీకాకుళంలో కార్మికశాఖ ఆఫీసులో అసిస్టెంట్ లేబర్ కమిషనర్‌కి అర్జీ పెట్టండి, రాజీ చర్చలకి పిలుస్తారు. అక్కడ తేలకపోతే విశాఖలో ట్రిబ్యునల్. తీసేసిన రోజునుంచి రెండేళ్లు దాటనివ్వొద్దు. లాయరుకి డబ్బు లేదని ఆగొద్దు, కార్మికులకి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరుని ఇస్తుంది, 15100కి ఫోన్ చేసినా చెప్తారు. గ్రాట్యుటీ 30 రోజుల్లో ఇవ్వాలి, ఆలస్యమైతే వడ్డీ.

ఒకవేళ ఆయన విసిగిపోయి బయటికి వచ్చేద్దామనుకుంటే తప్పు పట్టకండి, 23 ఏళ్ల రసాయనాల వాసన తక్కువ కాదు. కానీ పైన వేసిన లెక్క మొత్తం చేతికి వచ్చాకే రావాలి. పీఎఫ్ పెన్షన్‌ని ఇప్పుడే మొదలుపెట్టొద్దు. 50 తర్వాత తీసుకోవచ్చు కానీ 58కి ఎన్నేళ్లు తక్కువైతే ఏడాదికి 4 శాతం చొప్పున జీవితాంతం తగ్గిపోతుంది. రిటైర్మెంట్ వయసు దాకా ఉండి బయటికి వస్తే, ఈఎస్ఐలో ఐదేళ్లు ఉన్నవాళ్లకి ఏడాదికి 120 రూపాయలు కడితే భార్యాభర్తలకి వైద్యం కొనసాగుతుంది. మధ్యలో రాజీనామా చేస్తే ఆ సౌకర్యం పోతుంది, హెచ్‌ఆర్ వాళ్లు ఇది చెప్పరు.

పెదనాన్నగారిని ఓటరు జాబితాలో తన పేరు, ఇంటి పేరు అక్షరాలతో సహా సరిగ్గా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోమనండి, ఇంటి పన్ను, నీటి పన్ను బకాయి ఉంటే కట్టేసి పంచాయతీ కార్యదర్శి దగ్గర రసీదు తీసుకోమనండి. నామినేషన్ల రోజున చాలామందిని ఆపేది ఆ రసీదు లేకపోవడమే. నాన్నగారి అపాయింట్‌మెంట్ ఆర్డర్ దొరికితే అందులో రిటైర్మెంట్ గురించి రాసిన పేరా మాత్రం ఇక్కడ టైప్ చెయ్యండి, పేర్లు వద్దు. అర్జీ ఎలా రాయాలో నేను రాసి పెడతాను.